చివర మార్చి చెప్పిన సినిమా

ఆ వీధిలో ఆడవాళ్ళు పోస్టరు చూసి సినిమాకు బయల్దేరేవారు కాదు. ముందు టైలరమ్మను అడిగేవారు. పొట్టి చేయాల్సిన ప్యాంటో, జిప్పు ఊడిన స్కూలు సంచో చేత్తో పట్టుకుని ఆమె ముందుగదిలోకి వచ్చి, బట్ట సంగతి పక్కన పెట్టి సినిమా సంగతి కదిపేవారు.

"కొత్తది చూశావంట కదా టైలరమ్మా. ఎలా ఉంది?"

ఆమె మిషను ఆపేది కాదు. పెదాల మధ్య గుండుసూదులుంటే మాత్రం తీసి, పక్కనున్న చిన్న దిండుకు గుచ్చేది.

"హీరోకి చెల్లెలంటే ప్రాణమంట. సినిమా అంతా చెల్లెలూ చెల్లెలూ అని ఒకటే అరుపులు. ఆ పిల్ల ఏం చదువుతోందని అడగండి వాణ్ణి, తెలీదు. అంతసేపట్లో ఒక్కసారి 'తిన్నావా' అని అడిగిన పాపాన పోలేదు."

"అయితే వెళ్ళొద్దంటావా?"

"వెళ్ళండి. హాల్లో ఏసీ బాగుంది."

గదిలో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వేవారు. ఆమె మాత్రం నవ్వేది కాదు. కత్తెర అందుకుని దారం తెంపేది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు ఎక్కడ ఆగిపోయినా అతనికి ఫోను వస్తుంది. వేళాపాళా లేని ఉద్యోగం కావడంతో ఎక్కడ కాస్త చీకటీ చల్లదనమూ దొరికినా అతనికి నిద్ర ముంచుకొచ్చేది. ఆదివారం మ్యాట్నీకి ఆమె వెంట వెళ్ళి, టైటిల్స్ పడుతుండగానే తల వాల్చేసేవాడు. ఆమె లేపేది కాదు. సినిమా అయ్యాక భుజం తట్టి, "లేవండి మెకానిక్కు గారూ, మన ఫ్లోరు వచ్చింది" అనేది. ఇంటిదాకా నడిచే దారంతా సినిమా చెప్పేది. కథ చెప్పేది, తిట్టేది, మెచ్చుకునేది. అతను చూడకపోయినా వాదించేవాడు.

"ఆ ముసలాయన ఏడవడమేంటే, బాగోలేదు."

"మీరు గురక పెడుతున్నప్పుడు ఏడ్చాడు. మీకెలా తెలుసు బాగోలేదని?"

"నువ్వు చెప్తుంటేనే బాగోలేదు."

"అయితే నా చెప్పడం బాగోలేదంటారా?"

అలా వాదులాడుకుంటూనే తాళం తీసుకుని ఇంట్లోకి వెళ్ళేవారు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆమె చెల్లెలు ఒకతి మందుల షాపులో పనిచేస్తూ రెండు వీధుల అవతల ఉండేది. ఆ ఇంట్లో సందడంతా టైలరమ్మ నోటి చలవే.

అలాంటి మనిషి గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు. దుమ్మన్నారు. బట్టల నూగు లోపలికి పోతోందన్నారు. "మగ గొంతు వచ్చింది, ఇక డబ్బింగు చెప్పుకుంటా" అని ఆమే నవ్వుతూ తీసిపారేసింది. చెల్లెలు రోజూ ఏదో ఒక మందు తెచ్చి ఇచ్చేది. కొన్నాళ్ళకు మింగడం కష్టమైంది. అప్పుడు పెద్దాసుపత్రికి వెళ్ళారు. అక్కడ ముక్కులోంచి సన్నటి గొట్టం పంపించి చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకుని నెమ్మదిగా చెప్పాడు. స్వరపేటిక తీసేయాలి. మెడ కింద చిన్న రంధ్రం పెడతారు, ఊపిరి అందులోంచే. ప్రాణానికి భరోసా ఉంటుంది. మాట మాత్రం ఉండదు.

మెకానిక్కు ఒక్కసారిగా, "కాస్తయినా ఉంచలేరా సార్?" అని అడిగాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

ఆపరేషనుకు ముందు ఆదివారం ఇద్దరూ సినిమాకు వెళ్ళారు. ఆ రోజు అతనికి నిద్ర రాలేదు. వెలుతురు ఆమె మొహం మీద పడుతూ పోతూ ఉంటే దాన్నే చూస్తూ కూర్చున్నాడు. బయటికొచ్చి సగం దారి నడిచినా ఆమె నోరు విప్పలేదు.

"చెప్పవేం? ఎలా ఉంది?"

"ఈ చెత్త గురించి మాట్లాడి ఉన్న నాలుగు మాటలూ ఖర్చు పెట్టుకోమంటారా?" అంది ఆమె బొంగురుగా.

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ ఉన్న మాటల్ని ఆమె దేనికోసమైనా దాచుకుందేమోనని అతను అనుకున్నాడు. ఆపరేషను గదిలోకి తీసుకెళ్తున్నప్పుడు మంచం పక్కనే నడుస్తూ చెవి దగ్గరగా పెట్టాడు. ఆమె, "మిషను మీద గుడ్డ కప్పలేదు. దుమ్ము పడుతుంది, ఇంటికెళ్ళి కప్పండి" అంది. తలుపు మూసుకుంది. అతను విన్న ఆఖరి మాట అదే.

ఇంటికొచ్చాక మొదట్లో ఆమె దగ్గడానికీ ఊపిరి తీయడానికీ అలవాటు పడటంతోనే సరిపోయింది. మెడ రంధ్రాన్ని శుభ్రం చేయడం చెల్లెలు నేర్పింది. దానిమీద పల్చటి నూలుగుడ్డ కట్టుకోవడానికి ఆమె తనే ఒక తీరు కనిపెట్టింది, ఊపిరి ఆడేలా, చూసేవాళ్ళకు కాలరులా కనిపించేలా. ఆసుపత్రివాళ్ళు మెడకు ఆనించి మాట్లాడే చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు. ఒకసారి ప్రయత్నించింది. గదిలో ఇనుప గొంతు ఏదో గరగరమంది. ఆమె దాన్ని సొరుగులో పడేసి, పలక మీద రాసి చూపించింది: "మీ లిఫ్టులో మాట్లాడే ఆవిడే నయం."

మళ్ళీ మిషను ముందు కూర్చుంది. పనికి లోటు రాలేదు గానీ వచ్చేవాళ్ళ తీరు మారింది. కొందరు ఆమెకు చెవుడు వచ్చినట్టు గట్టిగా అరిచి చెప్పేవారు. కొందరు ఆమె ఎదురుగా ఉండగానే మెకానిక్కు వైపు తిరిగి, "ఇక్కడ కొంచెం వదులు చేయమని చెప్పన్నా" అనేవారు. పలక మీద ఆమె రాసేదాకా ఆగడానికి ఎవరికీ ఓపిక ఉండేది కాదు. బట్ట ఇచ్చి, జాలిగా ఒక చూపు చూసి వెళ్ళిపోయేవారు. సినిమా ఎలా ఉందని అడిగినవాళ్ళు లేరు. అడగకూడదని మంచితనంతోనే అనుకుని ఉంటారు.

ఆమె సినిమాకు కూడా రానంది. హాల్లో ఊపిరి చప్పుడు అందరికీ వినపడుతుందనీ, దగ్గు వస్తే ఆగదనీ పలక మీద రాసింది. రాను రాను పలక తీయడం కూడా మానేసింది. తల ఊపడం, చేత్తో చూపించడం, అంతే. పని లేనప్పుడు కిటికీ వైపు తిరిగి కూర్చునేది.

మెకానిక్కుకు ఏం చేయాలో తోచలేదు. తీగలూ స్విచ్చులూ అయితే విప్పి చూడొచ్చు. ఒక ఆదివారం ఉన్నట్టుండి చొక్కా మార్చుకుని ఒక్కడే మ్యాట్నీకి వెళ్ళాడు. నిద్ర రాకుండా తొడ గిల్లుకుంటూ మొదటినుంచి చివరిదాకా చూశాడు. సినిమా పరమ చెత్త. ఇంటికొచ్చి, ఆమె ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఏం సినిమానే! ఇన్నాళ్ళూ నిద్రపోయి ఎంత నష్టపోయానో. హీరోయిన్ని వాడు నలుగురిలో చెంప మీద ఒక్కటి పీకుతాడు చూడు, అక్కడే ఆ పిల్లకి వాడి మీద ప్రేమ పుట్టుకొచ్చేస్తుంది. బ్రహ్మాండంగా తీశాడు."

ఆమె తల తిప్పి చూసింది.

"కొట్టిన చేతినే పట్టుకుని పాట పాడుతుంది. నాకైతే కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి."

కొలత టేపు చుట్ట వచ్చి అతని ఛాతీకి తగిలింది. ఆమె పెదాలు కదిలాయి. చప్పుడు లేదు, కానీ ఆ మాట ఏమిటో అతనికి స్పష్టంగా తెలిసింది. 'సిగ్గులేదూ?'

"ఎందుకు సిగ్గు? జనం ఈలలు వేశారు."

ఆమె పలక లాక్కుంది. సుద్దముక్క విరిగేలా రాసింది. రాసింది చాలక పెదాలతో, చేతులతో, కళ్ళతో తిట్టింది. అతను అర్థం కానట్టు ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆ సాయంత్రమంతా ఆమె మొహంలో పాత రంగు కనిపించింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అదే పని. మంచి సినిమాను తిట్టేవాడు, చెత్త సినిమాను నెత్తిన పెట్టుకునేవాడు. ఆమెకు అతని ఎత్తు తొందరగానే తెలిసిపోయి ఉండాలి. తెలిసినా ఊరుకుంది. పైగా కథ మొత్తం చెప్పమని అడగసాగింది. అతనికి కథ చెప్పడం చేతకాదు.

"అప్పుడు వాడు వాళ్ళింటికి వస్తాడు."

'ఎవడు?'

"వాడే, ఎర్ర చొక్కా."

'హీరోనా?'

"కాదు, హీరో అన్న. కాదు కాదు, అన్నకి తెల్ల చొక్కా. ఉండు... మరి ఈ ఎర్ర చొక్కా ఎవడు?"

ఆమె నవ్వేది. నోట్లోంచి రాని ఆ నవ్వుకు భుజాలు మాత్రం కదిలేవి, మెడ దగ్గర గుడ్డ ఎగిరిపడేది. అతను చెప్పిన ముక్కల్ని ఆమే ఒక వరసలో పెట్టి, వాడు ఎవడై ఉంటాడో, ఆ తల్లి ఎందుకలా అని ఉంటుందో పెదాలతో అతనికే చెప్పేది. ఆమె పెదాల్ని చదవడం అతనికి బాగా వచ్చేసింది. పలక గోడకు ఆనించి పెడితే అక్కడే ఉండిపోయింది.

ఇలా సాగుతుండగా ఒక సినిమా వచ్చింది. పోస్టరు మీద ఒక జంట వానలో నవ్వుతూ ఉంది. సరదా సినిమా అనుకుని మెకానిక్కు వెళ్ళాడు. ఇంటర్వెల్ తర్వాత కథలో భార్యకు జబ్బు చేసింది. ఆసుపత్రి, గొట్టాలు, తెల్ల దుప్పటి. అతను లేచి వచ్చేద్దామనుకుంటూనే కూర్చుండిపోయాడు. చివర్లో ఆమె చనిపోయింది. హాలు ఖాళీ అయ్యాక కూడా అతను బయట బండ్ల స్టాండు దగ్గర సిమెంటు దిమ్మె మీద చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత పంపు దగ్గర మొహం కడుక్కుని ఇంటికి వచ్చాడు.

'ఎలా ఉంది?' అని ఆమె పెదాలు అడిగాయి.

"పర్లేదు. మొగుడూ పెళ్ళాల కథ. ఆవిడకి ఒంట్లో బాగోదు. తర్వాత నయమైపోతుంది."

'తర్వాత?'

"తర్వాత ఏముంది, రైలెక్కి ఎక్కడికో వెళ్తారు. కిటికీ పక్కన కూర్చుని ఆవిడ నవ్వుతుంటే అయిపోతుంది."

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసి మళ్ళీ కుట్టులో పడింది. ఆ సినిమా గురించి ఒక్క మాట కూడా అనలేదు.

ఆ వారంలోనే చెల్లెలు వచ్చింది. టీ తాగుతూ, షాపులో తోటిపిల్లలతో కలిసి సినిమాకు వెళ్ళానని చెప్పింది. "అబ్బ, ఏడ్చీ ఏడ్చీ తలనొప్పి వచ్చిందక్కా. ఆ వానలో పోస్టరు ఉంటుందే, అదే. చివర్లో ఆవిడ పోయేటప్పుడు ఆ మొగుడి చెయ్యి పట్టుకుని..." అంటూ ఆగిపోయింది. అక్క మెడమీది గుడ్డ అప్పుడు కంటపడినట్టుంది. గ్లాసు చేతిలో పట్టుకుని బావ వైపు చూసింది. అతను గోడవైపు చూస్తున్నాడు.

చెల్లెలు వెళ్ళిపోయాక ఆమె మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

'ఎప్పట్నుంచి మారుస్తున్నారు?'

ఆమె అతని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"చచ్చిపోయేవి వస్తే మార్చేవాణ్ణి" అన్నాడు చివరికి. "ఆ తండ్రి సినిమాలో తండ్రి బతకలేదు. నువ్వు బాగుందన్న ఆ పడవ సినిమాలో కూడా ఆ పిల్ల ఒడ్డుకు రాలేదు."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. గబగబా పెదాలు కదిపింది. అతనికి అందలేదు. చాలా రోజుల తర్వాత పలక తీసి రాసింది: "గొంతు పోయింది నాకు. గుండె పోలేదు. నేను మెచ్చుకుంది మీరు అల్లిన కథనా? ఇన్నాళ్ళూ నన్ను పసిపిల్లని చేశారు." అది చెరిపి మళ్ళీ రాసింది: "రేపు నన్ను తీసుకెళ్ళండి."

"ఆ సినిమాకా? వద్దే."

ఆమె 'రేపు' అన్న మాట కింద గీత గీసింది.

మర్నాడు అతను సెలవు పెట్టాడు. పని రోజు కాబట్టి హాల్లో పలచగా ఉన్నారు. ఆమె చివరి వరుసలో మూల సీటు ఎంచుకుంది. లైట్లు ఆరాక నిశ్శబ్దంగా ఉన్న సీన్లలో ఆమె ఊపిరి సన్నగా ఈలలా వినిపించింది. ముందు వరసలో ఒకడు ఒకసారి వెనక్కి తిరిగాడు. కాసేపాగి మళ్ళీ తిరిగాడు.

"ఏంటి బాబూ చూస్తున్నావ్? సినిమా అటుంది" అన్నాడు మెకానిక్కు.

ఆమె అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. తర్వాత వదల్లేదు. ఆసుపత్రి సీన్లు వచ్చినప్పుడు అతను కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్నా సంగీతం వినపడుతూనే ఉంది, ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తూనే ఉంది. ఏడుపు ఆపుకోవడం అతని వల్ల కాలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆమె తెరను చూడటం లేదు. తననే చూస్తోంది.

బయట ఎండగా ఉంది. కొంతదూరం నడిచారు. మూసి ఉన్న ఒక షాపు అరుగు దగ్గర ఆమె ఆగి, అతన్ని తనకేసి తిప్పుకుంది, పెదాలు కనపడేలా.

'చచ్చిపోయేవాళ్ళు అన్ని మాటలు మాట్లాడరు.'

అతను తల ఊపాడు.

'ఆ డైలాగులు రాసినవాడు ఎవర్నీ దగ్గరుండి చూసినట్టు లేడు. కానీ ఆ మొగుడు బాగా చేశాడు. అందరూ లోపల ఏడుస్తుంటే వరండాలో చెప్పులు వరసగా సర్దుతూ ఉంటాడే, అది నిజం. మీరూ అలాంటి పనే చేస్తారు.'

"ఆ మాట అనకే."

'అనక ఎవరికి చెప్పను? మనకి టైముంటే ఉంటుంది, లేకపోతే లేదు. చూసింది చూసినట్టు చెప్పండి నాకు. నా తీర్పు నేను చెప్పుకుంటా.'

అక్కడే, ఆ అరుగు దగ్గర, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా అతను ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఆమె అతని వీపు నిమురుతూ నిలబడింది.

అప్పట్నుంచి అతను ఏదీ దాచలేదు. చచ్చినవాళ్ళను చచ్చినట్టే చెప్పాడు. ఒక్కో ఆదివారం ఆమె కూడా వచ్చేది. ఎవరైనా వెనక్కి తిరిగి చూస్తే చెయ్యి ఊపేది. మెల్లగా వీధిలోవాళ్ళు కూడా మళ్ళీ అడగడం మొదలుపెట్టారు. ఆమె పెదాలు కదిపితే అతను పక్కనుండి పలికేవాడు. "ముందు సగం తీసి, మిగతా సగం కట్ చేయడం మర్చిపోయారంట" అని అతను ఆమె మాటను చెప్తుంటే జనం నవ్వేవారు. అతను ఇంట్లో లేని రోజున మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు.

ఆ మంచి రోజులు ఎక్కువ సాగలేదు. చలికాలం వచ్చేసరికి ఆమెకు ఆయాసం మొదలైంది. ఈసారి ఊపిరితిత్తుల్లో కనిపించిందన్నారు. డాక్టరు ఇంతకుముందులా కుర్చీ ముందుకు జరుపుకోలేదు. ఇంట్లోనే ఉంచి నొప్పి లేకుండా చూసుకోమన్నాడు. చెల్లెలు సెలవు పెట్టి వచ్చేసింది. ముందుగదిలో మిషను పక్కకు జరిపి కిటికీ దగ్గర మంచం వేశారు.

మెకానిక్కు అప్పుడు కూడా ఒకసారి సినిమాకు వెళ్ళాడు. ఆమే పంపింది. వచ్చి చెప్పడం మొదలుపెట్టాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంటికి రెండు తాళాలు వేసుకునే సరదా కథ. సగంలో ఆమెకు మత్తు కమ్మింది. అతను ఆపేశాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, 'తర్వాత?' అంది పెదాలతో.

"తర్వాత చిన్నోడు గోడ దూకుతాడు. కింద పెద్దోడు నీళ్ళ తొట్టి పెట్టి ఉంచుతాడు."

పెదాల చివర కాస్త కదిలింది. నవ్వో, నొప్పో అతనికి తెలియలేదు. మిగతా కథంతా ఎవడు ఏ చొక్కా వేసుకున్నాడో ఒక్కటీ తప్పు పోకుండా చెప్పాడు. ఆమె వింటూనే ఉందని అనుకున్నాడు. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం, చెల్లెలు వంటింట్లో ఉండగా, అతను చెయ్యి పట్టుకుని ఉండగానే ఆమె ఊపిరి ఆగిపోయింది. ఒక్క మాట లేదు, సైగ లేదు. ఆ రోజు అరుగు దగ్గర ఆమె చెప్పినట్టే జరిగింది.

వీధంతా వచ్చింది. కుట్టడానికిచ్చిన బట్టలు సగం అయినవి కొన్ని మిగిలిపోయాయి. చెల్లెలు వాటిని మూటగట్టి ఎవరివి వాళ్ళకు ఇచ్చేసింది. "మా ఇంటికి వచ్చెయ్ బావా, ఒక్కడివీ ఏం ఉంటావ్" అని ఏడ్చింది. అతను వెళ్ళలేదు. ఉద్యోగంలో చేరిపోయాడు. ఆదివారాలు కూడా డ్యూటీ వేయించుకున్నాడు.

కొన్నాళ్ళకు ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టు తలుపు పడటం లేదంటే వెళ్ళాడు. కింది అంతస్తులో కూర్చుని తలుపు గాడిలో ఇరుక్కున్న రాయి తీస్తున్నాడు. ఒక జంట బయటినుంచి వచ్చి, పైకి వెళ్ళడానికి నిలబడి ఉన్నారు. చేతుల్లో కూరగాయల సంచులు.

"నాకైతే నచ్చలేదు" అంటోంది ఆమె. "ఆ మామగారు ఎందుకు మారాడో ఒక్క ముక్క చెప్పలేదు."

"సినిమా అన్నాక మారతారు. నువ్వు మరీ లోతుగా చూస్తావ్."

"లోతు కాదండీ, నిన్నటిదాకా తిట్టినవాడు ఇవాళ పొద్దున లేచి కాళ్ళు పట్టుకుంటాడా?"

రాయి ఎప్పుడో బయటికి వచ్చేసింది. మెకానిక్కు స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అడగాలని అనుకోకుండానే, "తర్వాత ఏమైందమ్మా?" అన్నాడు.

ఆవిడ కాస్త ఆశ్చర్యపోయి, తర్వాత ఉత్సాహంగా సంచి కింద పెట్టింది. కథంతా చెప్పింది. మధ్యలో భర్త అడ్డం వచ్చి, అది ముందు కాదు తర్వాత అని సరిచేశాడు. ఆవిడ అతన్ని కసురుకుంది. మెకానిక్కు తల ఎత్తి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ విన్నాడు.

"మీరు చూడలేదా అన్నా?" అని అడిగింది చివర్లో.

"లేదమ్మా."

"చూడకండి. టైము వేస్టు."

"అలాగేనమ్మా" అన్నాడు. లేచి, తలుపు రెండుసార్లు మూసి తెరిచి చూశాడు. "అయిపోయింది, ఎక్కండి."

వాళ్ళు ఎక్కారు. తలుపు పడింది. లోపల మళ్ళీ వాదన మొదలైంది. 'నువ్వు అన్నీ అలాగే అంటావ్' అని అతను, 'మీరు అసలు చూశారా' అని ఆమె. గొంతులు ఒక్కో అంతస్తూ దాటి పైకి పోతున్నాయి. మెకానిక్కు చల్లటి ఇనుప తలుపు మీద చెయ్యి ఆనించి, అవి పూర్తిగా వినపడకుండా పోయేదాకా నిలబడ్డాడు.